బొమ్మలతో కూడికలు: కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచరుకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సెంటర్లో నాలుగైదేళ్ల పిల్లలకు కూడికలు ఎలా మొదలుపెట్టాలో రాయమన్నావు. బొమ్మల చార్టు గోడకు తగిలిస్తే సరిపోతుందా అని కూడా అడిగావు. సరిపోదు. కూడికంటే రెండు గుంపులు దగ్గరకు జరిగి ఒకటవడం. కాగితం మీద వేసిన బొమ్మ జరగదు. చిక్కంతా అక్కడే ఉంది. అందుకని బొమ్మను కదిలించే ఏర్పాటు మనమే చేసుకోవాలి. అది ఎలాగో చెబుతాను గానీ, ముందు ఏ పిల్ల దానికి సిద్ధంగా ఉందో చూసుకో.

నేలమీద 5 సీసా మూతలు వరసగా పెట్టి లెక్కపెట్టమను. ‘ఐదు’ దగ్గర ఆగాక, ‘అయితే ఎన్ని ఉన్నాయమ్మా?’ అని అడుగు. వెంటనే ఐదు అంటే సరే. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెడితే మాత్రం, చివర పలికిన అంకే మొత్తమని ఆ పిల్లకు ఇంకా తెలియదన్నమాట. తర్వాత మూతల కుప్ప ముందు పెట్టి ‘నాకు నాలుగివ్వు’ అను. గుప్పెడు తీసి చేతిలో పోస్తే, ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పినా సరే, ఆ పిల్లకు కూడిక వద్దు. కొన్నాళ్లు ‘నాకు రెండివ్వు, అక్కకు మూడివ్వు’ ఆటే ఆడించు. మూడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. వాళ్లను తొందరపెట్టకు.

మూతలే ఎందుకంటే, చింతపిక్కలు, శనగగింజలు ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారు. చిన్నవాళ్లయితే నోట్లో వేసుకుంటారు. నీళ్ల సీసాల ప్లాస్టిక్ మూతలు ఒకే సైజులో దొరుకుతాయి, చిన్న వేళ్లకు పట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. వాటినైనా మూడేళ్లలోపు వాళ్ల చేతికివ్వకు. ఒక్కో పిల్లకు 10 చొప్పున, ఆరుగురు కూర్చునే గుంపుకు 60 మూతలు కావాలి. అంతకన్నా ఎక్కువమందిని ఒకేసారి కూర్చోబెట్టకు. ఎవరి వేలు ఎక్కడ ఉందో నీకు కనబడదు. మిగతా పిల్లలను ఆ పది పన్నెండు నిమిషాలు ఆయా దగ్గర ఆటల్లో పెట్టు.

మొదటి రెండు వారాలు కాగితం అసలు తియ్యకు. మూతలే. ‘నీ దగ్గర రెండున్నాయి. ఇంకొకటి ఇస్తున్నాను. ఇప్పుడు ఎన్ని?’ ఇంతే మాట. ప్లస్ అని గానీ, ఈజీక్వల్టు అని గానీ అనవద్దు. ‘ఇంకా’, ‘కలిపితే’, ‘మొత్తం’ అనే మూడు మాటలు వాళ్లకు ఇంట్లో వినేవే. ఆ మాటలతోనే సాగించు.

ఇప్పుడు బొమ్మల పట్టీలు. 22×28 అంగుళాల తెల్ల డ్రాయింగ్ చార్టు ఒకటి తెచ్చుకో. పొడవును సగానికి, వెడల్పును నాలుగుకు కోస్తే 14×5.5 అంగుళాల పట్టీలు 8 వస్తాయి. ఒక్కో పట్టీ మీద ఎడమనుంచి 6, 7, 8 అంగుళాల దగ్గర పెన్సిల్‌తో పైనుంచి కిందకు గీతలు గియ్యి. ఎడమ 6 అంగుళాల్లో ఒక గుంపు, కుడి 6 అంగుళాల్లో ఇంకో గుంపు బొమ్మలు వెయ్యాలి. మధ్య 2 అంగుళాలు ఖాళీగా వదిలెయ్. ఆ ఖాళీని 7 దగ్గర మడిచి వెనక్కి తోసి, 6 అంగుళాల గీతను 8 అంగుళాల గీతకు ఆనిస్తే ఖాళీ వెనకకు పోతుంది, రెండు గుంపులూ పక్కపక్కకు వస్తాయి. విప్పితే విడివిడిగా, మూస్తే కలిసి. పిల్ల తన చేత్తో మూసిన క్షణంలో కూడిక జరిగినట్టు. గోడమీది చార్టు ఎంత అందంగా ఉన్నా ఈ పని చెయ్యలేదు. ఒక్కసారి స్కేలు ఆనించి గట్టిగా గోరుతో నొక్కితే మడత కుదురుగా వస్తుంది. లామినేషన్ చేయించకు, మడత దగ్గర పగులుతుంది. వెనకవైపు మడత మీద వెడల్పాటి టేపు అంటిస్తే చాలు.

బొమ్మలు ఒకటిన్నర అంగుళం ఉండాలి. మూత దాని మీద పెడితే చుట్టూ బొమ్మ అంచు కాస్త కనబడాలి. అంతకన్నా చిన్నదైతే మూత మొత్తం కప్పేస్తుంది, కింద ఏముందో పిల్లకు తెలియదు. బంతిపూలు, బత్తాయిలు, లడ్డూలు, టమాటాలు వంటి గుండ్రటివి వెయ్యి. కారణం ఉంది. పట్టీని తిప్పి పెట్టినా బొమ్మ తలకిందులు కాదు. 1, 2 ఉన్న పట్టీ ఎదురుగా కూర్చున్న పిల్లకు 2, 1 అవుతుంది. ఐదులోపు కూడికలు పది ఉన్నా, నువ్వు గీయాల్సింది ఆరు పట్టీలే: 1-1, 1-2, 1-3, 2-2, 1-4, 2-3. మిగిలిన రెండు పట్టీలూ ఖాళీగా ఉంచు, వాటి మీద పిల్లలే మూతలు పెట్టి తమ కూడిక చేస్తారు. అటునుంచి కలిపినా ఇటునుంచి కలిపినా ఒకటే అని నువ్వు చెప్పక్కర్లేదు. ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ ఎన్ని అని అడుగు. వాళ్లే గుర్తిస్తారు.

ఒక పట్టీ మీద ఒకే రకం బొమ్మ, ఒకే సైజు, ఒకే రంగు ఉండాలి. వెనక చెట్టు, ఇల్లు, సూర్యుడు వద్దు, పిల్ల సూర్యుణ్ణి కూడా లెక్కపెడుతుంది. రెండు మామిడికాయలు, మూడు అరటిపళ్లు కలిపి ‘ఐదు’ అనాలంటే రెండింటినీ ‘పళ్లు’ అనే ఒకే పేరు కింద చూడగలగాలి. అది తర్వాతి మెట్టు. మనుషుల బొమ్మలు కూడా మొదట్లో వద్దు. వస్తువులకు రెండు, మూడు అంటాం, మనుషులకు ఇద్దరు, ముగ్గురు అంటాం. కూడికతో పాటు ఈ మార్పు కూడా ఒకేసారి మీదపడితే పిల్ల తడబడుతుంది. ఎగిరే పిట్ట ఇంకో తంటా. అది వస్తోందో పోతోందో బొమ్మలో ఎవరు చెప్పగలరు?

రోజూ నడిపించే తీరు ఇది. పట్టీ విప్పి పెట్టు. ఎడమ గుంపులో ప్రతి బొమ్మ మీదా ఒక మూత పెట్టిస్తూ లెక్కపెట్టించు, ‘ఎన్ని?’ అని అడుగు. కుడి గుంపు కూడా అలాగే. అప్పుడు మూతలు తీయించి, పట్టీ మూయించి, ‘కలిపితే ఎన్ని?’ అని అడుగు. పిల్ల మళ్లీ మొదటి బొమ్మ నుంచి మూతలు పెడుతూ లెక్కపెడుతుంది. పెట్టనివ్వు. ఈ వయసులో అన్నిటినీ మొదటినుంచి లెక్కపెట్టడమే సరైన పద్ధతి. ‘రెండు పక్కన పెట్టేసి మూడు నుంచి ఎందుకు చెప్పవు’ అని గదమాయించకు. ఒకసారి కూర్చున్నప్పుడు రెండు మూడు పట్టీలు చాలు, వాటి వరసను రోజూ మార్చు. లేకపోతే రెండో పట్టీ అంటే ‘మూడు’ అని బట్టీ పట్టేస్తారు.

తప్పులు ఎలా వస్తాయో తెలిస్తే నీకు సగం కోపం తగ్గుతుంది. అచ్చు పుస్తకాల్లో తరచూ 2 మామిడికాయలు, ప్లస్, 3 మామిడికాయలు, ఈక్వల్, ఆపైన మళ్లీ 5 మామిడికాయలు వేస్తారు. పిల్ల ‘పది’ అంటుంది. ఆ పేజీలో కాయలు నిజంగానే పది ఉన్నాయి! జవాబు గుంపును అసలు గీయకూడదు. పుస్తకం వాడక తప్పకపోతే ఆ భాగాన్ని కాగితం ముక్కతో కప్పు.

ఇంకొక పిల్ల రెండో గుంపు దగ్గరకొచ్చి మళ్లీ ‘ఒకటి’ నుంచి మొదలుపెట్టి ‘మూడు’ అని ఆగుతుంది. పట్టీ సరిగా మూయలేదేమో, మధ్యలో సందు మిగిలిందేమో చూడు. సందు ఉన్నంతసేపు అవి ఆమె కళ్లకు రెండు గుంపులే. పూర్తిగా మూసినా అలాగే చేస్తే, బొమ్మలన్నిటి చుట్టూ వేలితో ఒక గుండ్రం గీయించి అప్పుడు అడుగు.

మన అంకెల పేర్లు పలకడానికి పొడుగు. ‘ఒక’ అంటూ ఒక బొమ్మ మీద, ‘టి’ అంటూ పక్క బొమ్మ మీద వేలు పెట్టేస్తారు. ‘నా’, ‘లుగు’ కూడా అంతే. నాలుగు బొమ్మలకు లెక్క రెండో మూడో వస్తుంది. మూత పెట్టించడం దీనికి మంచి మందు. మూత చేతిలోకి తీసుకుని పెట్టేలోపు మాట పూర్తవుతుంది. వేలితోనే లెక్కపెడుతుంటే ఆ పిల్ల చెయ్యి నువ్వు పట్టుకుని, మాట అయ్యాకే వేలు కదిలించు. బొమ్మల్ని గుండ్రంగా పేర్చి వేస్తే ఎక్కడ మొదలుపెట్టిందో మరిచిపోయి ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెడుతుంది. అందుకని మూడు దాకా వరసగా వెయ్యి. నాలుగును లూడో పాచిక మీది చుక్కల్లా రెండు మీద రెండుగా వెయ్యి. మూడు దాకా పిల్లలు చూడగానే చెప్పేస్తారు, అలా చెబితే లెక్కపెట్టమని బలవంతం చెయ్యకు.

జవాబు చెప్పాక పిల్ల నీ ముఖం వంక చూస్తే, అది ఊహించి చెప్పిందన్నమాట. ఒప్పయినా తప్పయినా ఒకే గొంతుతో ‘మూతలు పెట్టి చూద్దామా?’ అను.

ఐదులోపువి నిలకడగా వచ్చాయనుకున్నాక, అందుకు నెల పట్టినా పట్టవచ్చు, ఆరు నుంచి పది దాకా వెళ్లు. అక్కడ ఐదును ఆధారం చేసుకో: 5-1, 5-2, 5-3. ఒక చేతి వేళ్లన్నీ, రెండో చేతిలో కొన్ని. వేళ్ల మీద లెక్కపెడితే తప్పని కొందరు టీచర్లు చేతులు వెనక్కి కట్టిస్తారు. అది పెద్ద తప్పు. సున్నా ఇప్పుడే వద్దు.

ఆరేళ్లకు దగ్గరపడిన పిల్లల్లో కొందరికి ఎడమ గుంపును లెక్కపెట్టాక ఒక కాగితంతో కప్పి, ‘లోపల నాలుగున్నాయి, ఇంకా రెండు’ అని చూపు. ‘నాలుగు… ఐదు, ఆరు’ అని ముందుకు సాగితే మంచిదే. కాగితం ఎత్తి చూస్తే చూడనివ్వు, ఇంకా సమయం రాలేదంతే.

తర్వాత వాళ్లచేతే బొమ్మలు వేయించు. కాయకు బదులు చుక్కలో నిలువు గీతలో వేయమని చెప్పు. లేకపోతే మామిడికాయకు ఆకు, తొడిమ వేసుకుంటూ కూడిక మరిచిపోతారు. ఆ చుక్కల కింద అంకె రాయడం, ఆపైనే ప్లస్ గుర్తు. ఈక్వల్ గుర్తు అన్నిటికన్నా ఆఖరు.

తల్లిదండ్రులు ‘ప్రైవేటు స్కూల్లో నోటుబుక్కు నిండా రాయిస్తున్నారు’ అంటే, చిన్న పిల్లల చదువు, లెక్కల కోసం 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు చూపించు. ఐదారేళ్ల బాలవాటిక (ఒకటో తరగతికి ముందు ఏడాది) పిల్లలకు పెట్టింది 10 దాకా అంకెలు గుర్తించి చదవడం, వస్తువులను, అంకెలను వరసలో పెట్టడం. తేలికపాటి కూడికలు, తీసివేతలు ఒకటో తరగతి లక్ష్యం. మనం చేసేది దానికి ముందుపని. నెలకోసారి తల్లుల్ని పిలిచి పిల్లలచేత పట్టీ మూయించి చూపిస్తే నోటుబుక్కు అడగడం తగ్గుతుంది.

మూతల్ని వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి ఎండబెట్టించు, డబ్బాలో వేసేటప్పుడు పిల్లలచేతే పదేసి లెక్కపెట్టించు. తీసివేతకు కూడా ఈ పట్టీలే పనికొస్తాయి, మూసి లెక్కపెట్టి, ఒక పక్కను వెనక్కి మడిచెయ్యడమే. అయితే కూడిక మొదలుపెట్టిన నెలలోనే దానికి పోకు. రెండూ ఒకేసారి వస్తే ‘ఇంకా’ అన్నప్పుడు పెరగాలో తగ్గాలో పిల్లలకు కలగాపులగం అవుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ