కూర పెట్టిన పఫ్‌లు ఇంట్లో తక్కువ కొవ్వుతో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. కాకపోతే బేకరీ పఫ్‌లా పొరలు పొరలుగా విచ్చుకోవు. ఆ పొరలన్నీ వెన్న లాంటి కొవ్వు పుణ్యమే. 200 గ్రాముల పిండికి (సగం గోధుమపిండి, సగం మైదా) మూడు పెద్ద చెంచాల నూనె, ఉప్పు వేసి చల్లటి నీళ్లతో గట్టిగా కలిపి అరగంట నాననివ్వండి. మొత్తం గోధుమపిండే వాడితే అట్టముక్కలా వస్తుంది, నేను చేసి చూశాను.

అసలు కిటుకు కూరలో ఉంది. తడి ఉంటే అడుగు మెత్తబడిపోతుంది. కూరగాయ ముక్కలు, ఉడికించిన శనగలు బాణలిలో వేయించండి. గరిటెతో పక్కకు నెడితే అడుగున నీరు ఊరకూడదు. పూర్తిగా చల్లారాకే, ఒత్తిన పిండి లోపల పెట్టి మడవండి. అంచులు తడిచేసి ఫోర్కుతో నొక్కి, పైన చిన్న గాటు పెట్టండి, ఆవిరి పోవాలి కదా. నూనెలో వేయించే బదులు, పైన పల్చగా నూనె రాసి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20-25 నిమిషాలు ఉంచితే చాలు.