ఫ్రీజర్‌లో ఐస్ కడుతోంది, కింద పాలు మాత్రం విరిగిపోతున్నాయి. ఎందుకు?

ఐస్ గట్టిగా కడుతోందంటే కంప్రెసర్, గ్యాస్ దాదాపు బాగున్నట్టే. గ్యాస్ ఎక్కించాలని ఎవరైనా అంటే తొందరపడకండి. ఫ్రాస్ట్‌ఫ్రీ (మంచు దానంతటదే కరిగే రకం) ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనక కాయిల్ దగ్గర. ఫ్యాను ఆ గాలిని కిందికి తోస్తుంది. ఆ కాయిల్ మీద మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటరో దాని సెన్సరో పోతే కాయిల్ మీద మంచు పేరుకుని గాలిదారి మూసుకుపోతుంది.

ముందు కింది అరల్లో గాలి వచ్చే కంతలకు కొత్తిమీర కట్టో సాంబారు గిన్నో అడ్డముందేమో చూడండి. అడ్డేమీ లేకపోతే సామాను తీసేసి, ప్లగ్ పీకి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి (పాత గుడ్డలు పరవండి, నీళ్లు బాగా కారతాయి). కత్తితో మాత్రం గీకొద్దు, కాయిల్‌కి చిల్లు పడుతుంది. తర్వాత కొన్నాళ్లు బాగా నడిచి మళ్లీ మొదటికొస్తే లోపం డీఫ్రాస్ట్‌లోనే. మంచు కరిగినా గాలి రాకపోతే ఫ్యాను చూపించండి.