ఇద్దరే నడిపే పాత తెరచాప పడవ: కొనేముందు చూడవలసినవి

ప్రశ్న: మాది బరంపురం. మావారు ఈమధ్యనే ఉద్యోగ విరమణ చేశారు. ఇద్దరమూ చెన్నైలో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాము. ఏడాదిలో నాలుగైదు నెలలు సముద్రం మీద గడపడానికి, అందులోనే వండుకొని పడుకోవడానికి వీలున్న పాత పడవ ఒకటి కొనాలనుకుంటున్నాము. మలేషియాలోని లంకావిలో అమ్మకానికి ఉన్న 44 అడుగుల పడవ మావారికి నచ్చింది. అంత పెద్దదాన్ని నేను నడపగలనా అన్నది నా అనుమానం. ఎలాంటి పడవ కొనాలి, ఏమేమి చూడాలి? దానిని గోపాల్‌పూర్ దగ్గర ఉంచుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, మీకు కలిగిన అనుమానాన్నే ఈ కొనుగోలుకు కొలబద్దగా పెట్టుకోండి. భార్యాభర్తలు ఇద్దరే ప్రయాణించేటప్పుడు రాత్రివేళ ఒకరు మూడు నాలుగు గంటలు నిద్రపోతుంటే మరొకరు పైన కాపలా ఉంటారు కనుక, పేరుకు ఇద్దరున్నా చాలాసేపు ఆ పడవను నడిపేది ఒక్కరే. పైగా ఒకరికి జ్వరం వచ్చినా, చెయ్యి విరిగినా, వాంతులతో లేవలేకపోయినా రెండోవారే ఒంటరిగా దాన్ని రేవుకు చేర్చవలసి ఉంటుంది. అందుచేత మీ ఇద్దరిలో బలం తక్కువగా ఉన్నవారు ఒంటరిగా నడపగలిగిన పడవే మీకు తగిన పడవ. పొడవు, వయసు, ధర, లోపలి సౌకర్యాలు అన్నీ దీని తరువాతే.

ఆ లెక్కన 44 అడుగులు నాకు ఎక్కువగానే తోస్తున్నది. పొడవు మూడోవంతు పెరిగితే వెడల్పూ లోతూ కూడా దానితోపాటు పెరుగుతాయి కనుక బరువు రెండింతలు దాటుతుంది. తెరచాపల వైశాల్యం, లంగరు బరువు, తాళ్ల మీద పడే లాగుడు కూడా బాగా పెరుగుతాయి. ఇద్దరికి 32 నుంచి 37 అడుగుల మధ్య పడవ సరిపోతుందని, అందులోనే వంటిల్లు, స్నానాల గది, సామాను పెట్టుకొనే చోటు ఇమిడిపోతాయని నా అభిప్రాయం. మన నౌకాదళానికి చెందిన దిల్నా, రూప అనే ఇద్దరు మహిళా అధికారులు 2024 అక్టోబరులో గోవా నుంచి బయలుదేరి 56 అడుగుల తారిణిలో భూమిని చుట్టి 2025 మేలో తిరిగి వచ్చారు కదా అని మీవారు అంటారేమో. ఆ ఘనకార్యం పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. అయితే వారు ఏళ్ల తరబడి ఆ ఒక్క పని కోసమే శిక్షణ పొందినవారు, వారి వెనుక ఒక నౌకాదళమే ఉంది. మీకు వెనుక ఉండేది మీరిద్దరే.

లంకావి పడవనైనా మరొకదాన్నైనా సముద్రంలో పరీక్షించే రోజున మీవారిని కింద క్యాబిన్‌లో కూర్చోబెట్టి, పనులన్నీ మీరొక్కరే చేసి చూడండి. పెద్ద తెరచాపను ఎత్తడం, గాలి పెరిగినప్పుడు దాన్ని సగానికి కుదించి కట్టడం, ముందు తెరచాపను చుట్టేయడం, పడవను గాలికి ఎదురు తిప్పడం, చివరకు లంగరు వేసి మళ్లీ తీయడం, ఇవన్నీ మీ చేతులతో జరగాలి. తాళ్లన్నీ చుక్కాని దగ్గరికే వచ్చి ఉంటే మాస్ట్ (తెరచాపలను మోసే నిలువు స్తంభం) దగ్గరికి నడవవలసిన అవసరం తగ్గుతుంది. తాడును చుట్టి లాగి తానే పట్టి ఉంచే రకం వించ్‌లు, కరెంటుతో లంగరు ఎత్తే యంత్రం, చుక్కానిని తానే నడిపే ఆటోపైలట్ ఇద్దరికి విలాసాలు కావు. ఆటోపైలట్ బ్యాటరీని తింటుంది కనుక, గాలి ఒత్తిడితోనే పడవ దారి తప్పకుండా నడిపే వెనుక రెక్క కూడా ఉన్న పడవ దొరికితే దానికి కొంత ఎక్కువ ధర ఇచ్చినా నష్టం లేదు. ఆ తరువాత మరొక ప్రశ్న వేసుకోండి: మీవారు నీళ్లలో పడితే, తడిసిన బట్టలతో ఉన్న ఆ మనిషిని మీరొక్కరే పైకి ఎలా తీస్తారు? వెనుకభాగంలో నీటి లోపలి దాకా దిగే నిచ్చెన ఉన్నదా, తెరచాప తాడుకు కప్పీలు తగిలించి మనిషిని లేపగల ఏర్పాటు ఉన్నదా అని చూడండి. అమ్మేవారి ఫోటోలలో ఇది ఎక్కడా కనపడదు. మా దృష్టిలో పరుపులకన్నా, ఫ్రిజ్‌కన్నా ఇది ముఖ్యం.

లోపల చూసేటప్పుడు రేవులో నిలిచి ఉన్న పడవను మాత్రమే ఊహించుకోకండి. ఒరిగి ఎగిరిపడుతున్న పడవలో పట్టుకోవడానికి ఎక్కడెక్కడ పిడులు ఉన్నాయో, పడుకున్న మనిషి దొర్లి కిందపడకుండా పక్కన గుడ్డ కట్టే వీలున్నదో లేదో చూడండి. గదంత వెడల్పైన మంచం రేవులో సుఖమే, సముద్రంలో దాని మీద నిద్ర పట్టదు. వంట గ్యాస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంట్లో సిలిండరు లీకయితే కిటికీలు తెరుస్తాము. పడవలో ఆ గ్యాస్ గాలికన్నా బరువైనది కావడం వల్ల అడుగుకు దిగి అక్కడే నిలిచిపోతుంది, చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. సిలిండరు పెట్టె లోపలి భాగానికి సంబంధం లేకుండా, కారిన గ్యాస్ నేరుగా బయటికి పోయేలా ఉండాలి.

ఇక పడవ ఒంటి సంగతి. ఫైబర్ పడవలు మన తీరంలో చేపల వేటకు వాడుతున్నవే కనుక ఆ పదార్థం మీకు కొత్త కాదు. ఏళ్ల తరబడి నీటిలో ఉన్న ఫైబర్‌లోకి నీరు ఇంకి అడుగున బొబ్బలు లేవడం చూసి చాలామంది భయపడతారు. చిన్న బొబ్బలు ధర తగ్గించుకోవడానికి కారణం అవుతాయి గాని, పడవను వదులుకోవడానికి కారణం కావు. నేను ఎక్కువగా భయపడేది మనం నడిచే పైతలం, అంటే డెక్ గురించి. చాలా పడవలలో డెక్ రెండు పలుచని ఫైబర్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్కనో ప్లైవుడ్‌నో పెట్టి చేస్తారు. రెయిలింగ్ స్తంభాలు, మాస్ట్‌ను నిలబెట్టే తీగల పలకలు బిగించిన రంధ్రాల నుంచి వర్షపు నీరు ఏళ్లపాటు కారితే లోపలి చెక్క కుళ్లిపోతుంది, పైకి మాత్రం రంగు మెరుస్తూనే ఉంటుంది. ప్లాస్టిక్ సుత్తితో జానెడు దూరానికొకసారి తట్టి చూస్తే గట్టిచోట ఖంగుమని, కుళ్లినచోట మొద్దుగా పలుకుతుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు మన చెవి చేసే పనే ఇక్కడా చేయాలి. నడిచినప్పుడు కాలి కింద మెత్తగా దిగినట్టు అనిపించినా అనుమానించవలసిందే. విశాలంగా కుళ్లిన డెక్‌ను బాగుచేయడానికి అయ్యే ఖర్చు కొన్ని పాత పడవల విషయంలో పడవ ధరనే మించుతుంది.

అడుగున వేలాడే బరువైన కీల్ విషయంలో రాజీ పడవద్దు. 2014 మేలో చీకీ రఫీకీ అనే 40 అడుగుల పడవ అట్లాంటిక్ నడుమ కీల్ ఊడి బోల్తాపడింది, అందులోని నలుగురూ మరణించారు. అంతకుముందు ఆ పడవ పలుమార్లు నేలకు తగలడం, ఆ తరువాతి మరమ్మతులు లోపలి కట్టును బలహీనపరచి ఉండవచ్చునని బ్రిటన్ దర్యాప్తు సంస్థ నివేదించింది. కాబట్టి పడవను నీటిలోంచి పైకి తీయించి, కీల్ అతుకు ముందు కొసన చీలిక ఉన్నదా, లోపల నేలపలకలు ఎత్తి చూస్తే కీల్ వెనుక కొసకు పైన ఉన్న అడ్డకట్లలో పగుళ్లు ఉన్నాయా, బోల్టుల చుట్టూ తుప్పు కారిందా అని చూడాలి. ఎప్పుడైనా నేలకు తగిలిందా అని అమ్మేవారిని సూటిగా అడగండి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగలు పైకి మెరుస్తూనే లోపల పాడవుతాయి. పది పదిహేనేళ్లు దాటినవాటిని మార్చడం ఆచారం. వాటిని ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసి ధర మాట్లాడండి. తీగ కొసలలో తెగిన పోగులను, డెక్ లోపలికి దిగిన ఉక్కు పలకలు దాగి ఉన్నచోట గోధుమరంగు మరకలను వెతకండి. పడవ అడుగున ఉన్న నీటి వాల్వులు ఇత్తడివైతే గీకి చూడాలి, గులాబీరంగు తేలితే అందులోని జింక్ కరిగిపోయిందని అర్థం. అలాంటి వాల్వు ఒకటి విరిగితే పడవే మునుగుతుంది. ఇంజన్‌ను మీరు వెళ్లేసరికే వేడిచేసి ఉంచవద్దని ముందుగా చెప్పండి. చల్లని ఇంజన్ ఎలా అంటుకుంటుందన్నదే దాని ఆరోగ్యానికి గుర్తు. నీలిపొగ ఆయిల్ మండుతున్నదని, ఆగకుండా వచ్చే నల్లపొగ బరువు ఎక్కువైందని లేదా గాలి చాలడం లేదని చెబుతాయి. ఆయిల్ పాలరంగులో ఉంటే నీరు కలిసినట్టే.

గోపాల్‌పూర్ గురించి అడిగారు. మీ మనసు కష్టపడుతుందని తెలిసీ కాదనే చెప్పాలి. అక్కడి నోలియా బెస్తవారు తరతరాలుగా అలల మీదుగా పడవలను నేర్పుగా దాటించి ఇసుకమీదికి లాక్కుంటున్నారు. ఒకటిన్నర రెండు మీటర్ల లోతు కీల్ ఉన్న పడవను అలా లాగలేము, ఏ అడ్డూ లేని ఆ తీరంలో లంగరు మీద వదలనూలేము. రుషికుల్య, బాహుదా ముఖద్వారాల దగ్గర ఇసుక మేటలు కదులుతూ ఉంటాయి. చిలికలో చాలాచోట్ల లోతు రెండు మీటర్లు కూడా ఉండదు. వీటన్నిటినీ మించినది తుఫాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు వచ్చింది. పడవను చుట్టూ రక్షణ ఉన్న మెరీనాలోనే, అంటే విహార పడవలను కట్టి ఉంచే రేవులోనే ఉంచండి. మన దేశంలో కొచ్చిలోని బోల్గట్టి మెరీనా ఒకటుంది. లంకావిలోనే కొంటే అక్కడే ఉంచి, డిసెంబరు నుంచి మార్చి వరకు అండమాన్ సముద్రం ప్రశాంతంగా ఉండే రోజుల్లో విమానంలో వెళ్లి ప్రయాణం చేసుకోవడమే అన్నిటికన్నా తెలివైన పని. ఇల్లు బరంపురంలో, పడవ అక్కడ ఉండడం కొంత వెలితిగానే ఉంటుంది గాని, అక్టోబరు రాత్రులలో మీరు నిద్రపోగలుగుతారు.

చేతిలో ఉన్న సొమ్మంతా పడవకే పెట్టకండి. అందులో మూడోవంతు మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా ఉంచుకోండి.

ప్రశ్న: నేను చూసిన పడవకు మూడేళ్ల క్రితం సర్వేయర్ (పడవను పరీక్షించే నిపుణుడు) ఇచ్చిన నివేదిక ఉన్నది. మళ్లీ సర్వే కోరకుండా కొంటే ధర తగ్గిస్తానని అమ్మే ఆయన అంటున్నారు. ఒప్పుకోవచ్చునా?
— ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: ఒప్పుకోవద్దు. మూడేళ్లలో పడవ నేలకు తగిలి ఉండవచ్చు, డెక్‌లోకి మూడు వర్షాకాలాల నీరు దిగి ఉండవచ్చు. ఆ నివేదిక రాసిన సర్వేయర్ దానిని కోరినవారికి జవాబుదారీ గాని మీకు కాదు. బీమా సంస్థలు కూడా పాత పడవకు కొత్త నివేదిక అడగడం మామూలే. బేరం కుదిరాక, సర్వే ఫలితమూ సముద్ర పరీక్షా మీకు తృప్తికరంగా ఉంటేనే కొనుగోలు జరుగుతుందని, లేకపోతే బయానా తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. సర్వేయర్‌ను మీరే ఎంచుకోండి, అమ్మేవారో దళారో సూచించినవారిని పెట్టుకోకండి. పైకి తీయించే ఖర్చు, సర్వేయర్ రుసుము మామూలుగా కొనేవారివే. ఆ రోజు మీరు కూడా దగ్గరే ఉండి, ఆయన తట్టిన ప్రతిచోటా మీరూ తట్టి చూడండి. కాగితంలో రాయని మాటలు అప్పుడే వింటారు.

ప్రశ్న: విదేశంలో పాత పడవ కొంటే డబ్బు పంపడానికి, పత్రాలకు ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి? తరువాత ఇండియాకు తెచ్చుకోవచ్చునా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపవచ్చు. ఇలాంటి కొనుగోళ్లలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం పన్నును ముందే వసూలు చేస్తుంది. ఆదాయపు పన్ను రిటర్నులో దానిని సర్దుబాటు చేసుకోవచ్చు గాని, అంతవరకు ఆ సొమ్ము చేతిలో ఉండదు కనుక లెక్కలో వేసుకోండి. పంపే కారణాన్ని బ్యాంకు అధికారికి ముందే చెప్పి, వారు ఒప్పుకున్నాకే బయానా కట్టండి.

ఇండియాకు తేవడం ఖరీదైన వ్యవహారం. కస్టమ్స్ సుంకానికి తోడు, 2025 సెప్టెంబరు 22 నుంచి విహార పడవలపై జీఎస్టీ 40 శాతం అయింది. ధర నిర్ణయించుకోకముందే కస్టమ్స్ బ్రోకరును కలిసి మొత్తం ఎంతవుతుందో రాయించుకోండి. ఇక్కడి రిజిస్ట్రేషన్ గురించి విశాఖపట్నంలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో స్వయంగా విచారించండి.

పత్రాలలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. మొదటి యజమాని నుంచి ఇప్పటి యజమాని దాకా అమ్మకపు పత్రాలు తెగకుండా ఉండాలి. పడవ మీద అప్పు గాని, మెరీనాకు బకాయి గాని లేదని రాతపూర్వకమైన హామీ కావాలి, ఎందుకంటే చాలా దేశాల్లో అలాంటి బకాయిలు యజమాని మారినా పడవను వదలవు. పత్రంలోని నంబరును పడవ వెనుక భాగాన చెక్కిన నంబరుతోనూ, ఇంజన్ నంబరును ఇంజన్ మీది పలకతోనూ మీరే సరిపోల్చుకోండి. రెండిట్లో ఏది తేడా వచ్చినా, దానికి కారణం కాగితాల ద్వారా రుజువయ్యేదాకా మిగిలిన డబ్బు చెల్లించకండి.