బిడ్డ చెవుల గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తూ అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పెద్దమ్మా, ఆ అమికాసిన్ సూది చెవులకి మంచిది కాదట, ఆపేయమని చెప్పనా?" అన్నావు. ఆపమనకు. 30 వారాలకే 1,200 గ్రాములతో పుట్టినవాడికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ అంటే గంటల్లో పరిస్థితి మారిపోతుంది. ముప్పై రెండేళ్ళు పసిపిల్లల వార్డులో నర్సుగా చేశాను. ఆ మందుతో బతికి బట్టకట్టినవాళ్ళు ఎంతమందో నా కళ్ళతో చూశాను.

నీ భయం మాత్రం ఉత్తది కాదు. అమికాసిన్, జెంటామైసిన్ ఒకే జాతి యాంటీబయాటిక్ మందులు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలుంటాయి, ఈ మందు అక్కడ పేరుకుంటే అవి చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. నెలలు నిండని బిడ్డ కిడ్నీలు ఇంకా లేతవి కాబట్టి మందు ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. అందుకే ఇంత చిన్నవాళ్ళకు చాలాసార్లు 36 గంటలకో 48 గంటలకో ఒక డోసు ఇస్తారు. "ఇవాళ సూది మర్చిపోయారు" అని సిస్టర్లతో గొడవ పెట్టుకునేవు, జాగ్రత్త.

నా తప్పు ఒకటి చెప్తాను. ఒక రాత్రి డ్యూటీలో, మీ వాడి బరువే ఉన్న పాపకు డాక్టరు 18 మిల్లీగ్రాముల అమికాసిన్ రాశారు. 100 మిల్లీగ్రాముల సీసాలోంచి అయితే 0.36 ఎంఎల్ తీయాలి. అలాగే తీశాను, కానీ చేతికొచ్చింది 500 సీసా. రెండిట్లోనూ ఉండేది 2 ఎంఎల్ మందే, సీసాలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. సిరంజిలోకి వచ్చింది 90 మిల్లీగ్రాములు. పక్కనున్న సిస్టర్ లేబుల్ పైకి చదివింది కాబట్టి ఆ సూది పాప దాకా పోలేదు. ఆ రాత్రంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ తర్వాత లేబుల్ పైకి చదవకుండా ఏ మందూ సిరంజిలోకి ఎక్కించలేదు.

నువ్వు వెళ్ళి సీసాలు చూపించమని అడగక్కర్లేదు. ఒక నోటుబుక్కు పెట్టుకో. రోజూ బరువు, మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాయి. "సిస్టర్, ఇవాళ డోసు ఏ బరువు మీద లెక్క కట్టారు?" అని మెల్లగా అడుగు. రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష అక్కడ చేస్తారేమో కనుక్కో. రక్తంలో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు వచ్చాక ఆ మందు ఇంకా అవసరమా అని కూడా అడుగు, ఆ ప్రశ్నకు మంచి డాక్టరెవరూ విసుక్కోరు. ఒంట్లో నీరు తగ్గించడానికి ఇచ్చే లాసిక్స్ కూడా ఇస్తున్నారేమో చూసుకో, అదీ ఇదీ కలిస్తే చెవులకు భారం పెరుగుతుంది. డిశ్చార్జి కాగితంలో "యాంటీబయాటిక్స్ ఇచ్చాం" అని ఒక్క ముక్క రాసిస్తే ఊరుకోకు. ఏ మందు, ఎన్ని రోజులు అని రాయించుకో. ఈ జాతి మందు 5 రోజులు దాటితే ఆ బిడ్డ వినికిడిని తర్వాత కూడా గమనిస్తూ ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, డాక్టరుకు రేపటి దాకా ఆగకుండా చెప్పు. మీ అమ్మమ్మ తమ్ముడు, తెనాలి తాతయ్య, నీకు గుర్తుండే ఉంటాడు. కుర్రతనంలో టీబీకి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకున్నాక ఆయనకు చెవుడొచ్చింది. అదీ ఈ జాతి మందే. ఎక్కువ రోజులు వాడటం వల్లో, ఒంటితీరు వల్లో తెలియదు. కొందరి ఒంట్లో, తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే జన్యువులో చిన్న మార్పు ఉంటుంది. అది ఉన్నవాళ్ళకు సరైన డోసు ఇచ్చినా వినికిడి పోవచ్చు. అమ్మమ్మ నుంచి మీ అమ్మకు, ఆమె నుంచి నీకు, నీ నుంచి వాడికి, వరస అదే. ఇంగ్లండులో దాదాపు 500 మందిలో ఒకరికి ఆ మార్పు ఉందంటారు. మాంచెస్టర్‌లో బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది 26 నిమిషాల్లో తేల్చే పరీక్ష కూడా చేశారు. మన దగ్గర అలా మంచం పక్కనే చేయకపోయినా, ఈ సంగతి తెలిస్తే వేరే మందు కుదురుతుందేమో డాక్టరు ఆలోచిస్తారు. నేను చెప్పకపోతే ఇది నీకు ఎవరు చెప్తారు, అందుకే ఉత్తరం.

ఇంటికి తెచ్చేముందు వినికిడి పరీక్ష చేయించు. చెవిలో చిన్న గొట్టం పెట్టి రెండు నిమిషాల్లో "పాస్" అనేది ఓఏఈ. అది చెవి లోపలి కణాల దాకానే చూస్తుంది, అక్కణ్ణుంచి మెదడుకు వెళ్ళే నరాన్ని చూడదు. ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, ఇన్ని రోజులున్న బిడ్డకు ఆ నరాన్ని కూడా చూసే బెరా పరీక్ష కావాలి. నుదుటి మీద, చెవుల వెనకా చిన్న అతుకులు అంటించి నిద్రలోనే చేస్తారు. పాలు తాగించి జోకొట్టాక తీసుకెళ్ళు, మేలుకుంటే రెండోసారి తిరగాలి. పాసైనా 9 నెలల లోపు మళ్ళీ ఒకసారి చూపించు, ఈ నష్టం ఆలస్యంగా బయటపడొచ్చు. తేడా తేలితే 6 నెలల్లోపే చెవి మిషను మొదలైతే మాట బాగా పట్టుబడుతుంది. జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల లోపాలను తొందరగా పట్టి చూసే కేంద్రం, ఉంటే అక్కడ ఉచితంగా చూస్తారు.

ఇంటికొచ్చాక పారాసిటమాల్ చుక్కల మందుకీ సిరప్‌కీ తేడా మర్చిపోకు. చుక్కల్లో 1 ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో మామూలుగా 5 ఎంఎల్‌కి 125. ఒక సీసా డ్రాపర్ ఇంకో సీసాకి వాడొద్దు. చెవిలో నూనె పోయనివ్వకు.

ఇంక్యుబేటర్ మీద స్టీలు గిన్నె టక్కుమని పెట్టకు. లోపల వాడికి అది పిడుగులా ఉంటుంది.

శుక్రవారం వస్తున్నాను. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతాడని మీ అమ్మ అప్పుడే కొమ్ము కొని పెట్టిందట. అది నాకి, వాంతులతో మళ్ళీ వార్డుకొచ్చిన పసివాళ్ళను చూశాను. దాన్ని ఇంట్లోనే వదిలి రమ్మను.

మీ పెద్దమ్మ