ఇంకా ఆ నీలి తెరేనా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మొదటి ఏడాది చదువుతున్నాను. లో లెవెల్, హై లెవెల్ లాంగ్వేజీలంటే తేడా ఏమిటి? సీ మిడిల్ లెవెల్ అని మా నోట్సులో ఉంది. దాన్ని వదిలేసి నేరుగా పైథాన్ నేర్చుకోవచ్చా? మా ల్యాబ్ ప్రోగ్రాం ఒకటి పంపుతున్నాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కంపైల్ కావడం లేదు సార్.
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: కాలేజీలు తెరిచిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. 'లో' అంటే తక్కువ రకం అనుకునేవాళ్లే ఎక్కువ. చిప్‌కి దగ్గరగా ఉంటే లో, దూరం జరిగితే హై, అంతే. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎక్స్86 చిప్‌కి బీ8 05 00 00 00 అని ఇస్తే తనలోని రిజిస్టర్ అనే చిన్న అరలో 5 పెడుతుంది. ఇది మెషీన్ కోడ్. అదే ముక్కని 'మూవ్' అంటూ మనిషి చదవగలిగేలా రాస్తే అసెంబ్లీ. మీ ఫోన్‌లోని ఏఆర్ఎం చిప్‌కి ఆ రెండూ అర్థం కావు. చిప్ మారినప్పుడల్లా అంతా తిరగరాసే బాధ తగ్గించడానికే 1957లో ఫోర్‌ట్రాన్, 1972 ప్రాంతంలో డెనిస్ రిచీ చేతుల్లో సీ వచ్చాయి. వాటిలో రాసినదాన్ని ఏ చిప్‌కి ఆ చిప్ మెషీన్ కోడ్‌గా మార్చే (కంపైల్ చేసే) పని కంపైలర్‌ది. సీ కూడా హై లెవెలే. కాకపోతే మెమరీ అడ్రసులు మన చేతికిస్తుంది కాబట్టి మన పాఠ్యపుస్తకాలు దాన్ని మధ్యలో కూర్చోబెట్టాయి. పరీక్షలో అలాగే రాయండి.

ఇక మీ ప్రోగ్రాం. పాత టర్బో సీ కంపైలర్ నాటి కోనియో ఫైలు, తెర తుడిచే సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్, దాని కింద కీబోర్డు నుంచి ఒక లైను చదివే గెట్స్. ఇంకా ఆ నీలి తెరేనా? టర్బో సీది ఆ తెర. సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్ కొత్త కంపైలర్లకి తెలియదు, అందుకే కంపైల్ కాలేదు. కాకపోవడమే మంచిదైంది. పేరు కోసం 20 అక్షరాల చోటు పెట్టి గెట్స్ పిలిచారు. ఆ చోటు ఎంతో గెట్స్‌కి తెలియదు, అడగదు. 60 అక్షరాలు కొడితే మిగతావి పక్క మెమరీ మీద పడతాయి. ఫంక్షన్ అయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసుకున్న అడ్రస్ కూడా ఆ పక్కనే ఉంటుంది. దాన్ని చెరిపి తనకు కావలసిన అడ్రస్ పెట్టగలిగినవాడు మీ ప్రోగ్రాం చేత తన పని చేయించుకుంటాడు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకిన మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం కొన్ని యంత్రాల్లోకి దూరింది ఈ దారినే: 512 బైట్ల చోటులోకి 536 బైట్లు పంపింది. 2011 నాటి సీ ప్రమాణం నుంచి గెట్స్‌ని తీసేశారు. మన ల్యాబ్ రికార్డుల్లోంచి మాత్రం తీయలేదు! పూర్ణాంకం పెట్టుకునే చోటు గురించి 'ఇంట్ అంటే 2 బైట్లు' అన్న టర్బో సీ నాటి జవాబుకి ఇప్పటికీ మార్కులు పడుతున్నాయి. మీ ల్యాప్‌టాప్‌లో అది 4.

నాకు కోపం మీ మీద కాదు. ఇలా నేర్చుకున్న చేతులే రేపు చవక వైఫై కెమెరాలకీ రౌటర్లకీ కోడ్ రాస్తాయి. వాటిలో నడిచేది చాలావరకు సీయే. అప్‌డేట్ అంటారా, చాలావాటికి పెట్టె తెరిచాక ఒక్కటీ రాదు. గోడకి బిగించి అందరూ మర్చిపోతారు.

పైథాన్‌తో మొదలుపెట్టండి, తప్పేం లేదు. హద్దు దాటితే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. అయితే అందరూ వాడే ఆ పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ని, అంటే పైథాన్ కోడ్‌ని నడిపే ప్రోగ్రాంని, రాసింది సీలోనే, అందుకే సీని పూర్తిగా వదలొద్దు. ప్రస్తుతానికి గెట్స్ తీసేసి ఎఫ్‌గెట్స్ పెట్టి, దానికి సైజు కూడా ఇవ్వండి. కోనియో, సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్ లైన్లు కొట్టేయండి. రికార్డులో మాత్రం సార్ చెప్పినట్టే రాయండి, ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి.