సూక్తికి క్రియ అక్కర్లేదా?

సందేహం: డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. ఈ మధ్య వాళ్ల చేత చిన్న చిన్న సూక్తులు రాయిస్తున్నాను. వీటిని సూక్తులు అనాలా, సామెతలు అనాలా, సూత్రాలు అనాలా? కొందరు ‘సుక్తి’ అని రాస్తున్నారు, అది తప్పేనా? ఒక అమ్మాయి ‘అలవాటు తలుపు లేని గది’ అని రాసింది. క్రియ లేదు కనుక అది వాక్యమే కాదని ఇంకో విద్యార్థి వాదించాడు. ఎవరి మాట సరైనది?

సమాధానం: ‘సుక్తి’ తప్పే. సు + ఉక్తి కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి సూక్తి అవుతుంది. మంచి మాట అని అర్థం. పురుషసూక్తం అన్నప్పటి సూక్తంలోనూ ఇవే ముక్కలు, సు + ఉక్తం. కాకపోతే అది వేదమంత్రాల సముదాయానికి పేరుగా స్థిరపడింది.

మీ విద్యార్థులు రాస్తున్నవాటిని సూక్తులనే అనండి. సామెత అనకండి. సామెతను ఎవరూ కూర్చుని రాయరు. ఎవరో ఎప్పుడో అన్నమాట నలుగురి నోళ్లలో నలిగి, అన్నవాడి పేరు చెరిగిపోయాక సామెత అవుతుంది. పైగా సామెత ఒక వస్తువును చూపించి ఊరుకుంటుంది. ‘నిండుకుండ తొణకదు’ అన్నప్పుడు అక్కడున్నది కుండే. మనిషిని దానికి పోల్చుకోవలసింది వినేవాడు. సూక్తి మనిషి గురించే నేరుగా మాట్లాడుతుంది, దాని వెనుక ఆ మాట అన్న ఒక మనిషి ఉంటాడు.

సూత్రం సంగతి వేరు. ‘అల్పాక్షరమ్ అసందిగ్ధం సారవత్’ అంటూ మొదలయ్యే పాత శ్లోకం ఒకటి సూత్రలక్షణాన్ని చెబుతుంది. తక్కువ అక్షరాలు ఉండాలి, సందేహానికి తావుండకూడదు, సారం ఉండాలి అని. ఈ మూడూ సూక్తికీ కావాలి. కానీ సూత్రం శాస్త్రంలో భాగం, ముందువెనుకల సూత్రాలతో కలిపి చదివితేనే తెలుస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని ‘ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు’ అన్న సూత్రం ఉత్తు, అచ్చు అంటే ఏమిటో తెలిసినవారికే పలుకుతుంది. సూక్తి ఒంటరిగా నిలబడాలి. వివరణ అడిగే సూక్తిని ఇంకా దిద్దవలసి ఉంది.

ఇక అసలు తగవు. ఆ అమ్మాయి రాసింది నిక్షేపమైన వాక్యం. ‘ఆమె ఉపాధ్యాయురాలు’ అంటే వాక్యం కాదని ఎవరైనా అంటారా? రెండు నామాలను పక్కపక్కన పెట్టి ‘ఇది అది’ అని చెప్పడం తెలుగుకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. సుమతీ శతకం తెరిచి చూపించండి. ‘తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష.’ క్రియ ఎక్కడుంది? ఆ వెంటనే వచ్చే ‘దయ చుట్టంబౌ’లో మాత్రం ‘ఔ’ అన్న క్రియ ఉంది. మళ్లీ ‘తన సంతోషమె స్వర్గము’ అన్నచోట లేదు. ఒకే పద్యంలో రెండు తీరులూ ఉన్నాయి, ఏదీ లోపంగా తోచదు. ‘కోపమె’లో ఉన్న ఆ చివరి ఎకారాన్ని కూడా గమనించమనండి. అదే అవధారణార్థకం. ‘ఇంకెవరో కాదు, నీ కోపమే’ అన్న బరువంతా ఆ ఒక్క అచ్చు మోస్తోంది. క్లుప్తత అంటే మాటలు కత్తిరించడమని పిల్లలు అనుకుంటారు. తెలుగు వ్యాకరణంలోనే క్లుప్తత ఉందని వాళ్లకు తెలియాలి.

మీరు అడగలేదు గానీ, ఈ పాఠం చెప్పేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఇంకొకటి. పిల్లలు రాసే వాక్యాలలో ఎక్కువ భాగం ‘ఆలి’తోనో ‘కూడదు’తోనో ముగుస్తాయి. ‘స్నేహం అనేది చాలా విలువైనది, మంచి స్నేహితులను ఎప్పుడూ వదులుకోకూడదు’ అని రాస్తారు. అది నిషేధం. మన శతకాలలో విధినిషేధాలు లేవా అంటే ఉన్నాయి. కానీ అక్కడ సుమతినో మరొకరినో ఎదురుగా నిలిపి చెబుతున్నారు. మీ విద్యార్థి ఎవరికి చెబుతున్నాడు? అతన్ని సలహా పక్కనపెట్టి, తాను చూసిందేదో చెప్పమనండి. ‘నేనూ నా స్నేహితుడూ పోట్లాడుకున్నాం, తప్పెవరిదని వాదించుకుంటూ మాటలు మానేశాం’ అంటాడనుకుందాం. సరుకు దొరికింది. దాన్ని ‘తప్పెవరిదో తేలేసరికి స్నేహితుడు దూరమయ్యాడు’ అంటే అది ఒకనాటి కథ, భూతకాలంలో ఆగిపోయింది. ‘తప్పెవరిదో తేలేసరికి స్నేహం మిగలదు’ అంటే సూక్తి. ‘మిగలదు’ను గమనించండి. ‘మిగలలేదు’ అంటే జరిగిపోయింది. ‘మిగలదు’ నేటికీ రేపటికీ ఎప్పటికీ చెల్లుతుంది. ‘తొణకదు’ కూడా ఇలాంటి రూపమే. మన వ్యతిరేక క్రియకున్న ఈ గుణం నాకు ఎంతో ఇష్టం. ఎల్లకాలానికీ చెల్లే మాట చెప్పడానికి ‘ఎప్పుడూ’, ‘ఎల్లప్పుడూ’ అని తగిలించనక్కర్లేదు. ‘అనేది’, ‘చాలా’, ‘యొక్క’ కూడా ఇక్కడే రాలిపోతాయి. మీరు కొట్టివేయనక్కర్లేదు.

ఆ అమ్మాయి వాక్యంలో నాకు కనిపించిన లోటు క్రియ కాదు. ‘తలుపు లేని గది’ అంటే బయటపడే దారి లేనిదా, ఎవరైనా ఎప్పుడైనా వచ్చిపోగలిగేదా? రెండర్థాలూ వస్తున్నాయి, పైగా అవి ఒకదానికొకటి ఎదురు. శ్లోకం ‘అసందిగ్ధం’ అన్నది ఇందుకే. ‘అలవాటు బయట గడియ పెట్టిన గది’ అంటే సందేహం తీరుతుంది, క్రియ అవసరం అప్పుడూ రాదు. అయితే ఈ దిద్దుబాటు మీరు ఇవ్వకండి. ‘ఆ గదిలోకి ఎలా వెళ్లావు, బయటికి ఎందుకు రాలేకపోయావు?’ అని ఆమెనే అడగండి. తలుపు ఉందో లేదో, గడియ ఏ వైపున ఉందో ఆమే చెబుతుంది.