ఱ మెలిక దగ్గర జాగ్రత్త

అమ్మలూ,

నువ్వు స్క్రోల్ సా, అదే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కని వంపులుగా కోసే మిషన్, కొనుక్కున్నావనీ, పిల్లలు ఆడుకునేలా అక్షరాలన్నీ చెక్కలో కోస్తానంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను. సంతోషం వేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మన అక్షరాల్లో తిన్నని గీత ఎక్కడుందే? అన్నీ మెలికలే.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసే ఉంటాయి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకో. బ్లేడు బల్లకి 90 డిగ్రీల్లో ఉండాలి, పళ్లు కిందికి చూడాలి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మొదలుపెట్టు. బ్లేడు టెన్షన్ సరిపోయిందో లేదో వేలితో మీటి చూడు. తీగలా ఖంగుమనాలి.

ఇక బ్లేడు నంబరు. నంబరు తగ్గేకొద్దీ బ్లేడు సన్నం. ఇరుకు మెలికలకి 2 గానీ 3 గానీ పెట్టు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, నాకప్పుడు 22 ఏళ్లు. నీలాగే అక్షరాలు కోస్తూ 'ఱ' దాకా వచ్చాను. అంతకుముందు మందం చెక్క కోశానేమో, మిషన్‌లో 9వ నంబరు బ్లేడే ఉంది. మార్చడం రెండు నిమిషాల పని. బద్ధకించాను. మెలిక దగ్గర చెక్క తిరగనంది. వెడల్పాటి బ్లేడుకి, అది కోసుకున్న సందులో మసలడానికి చోటుండదు మరి. నేనేమో చెక్కదే మొండితనం అనుకుని పక్కకి నెట్టాను. మాడు వాసన వచ్చింది. ఇంకా నెట్టాను. టప్పున విరిగింది.

విరిగితే మిషన్ ఆగుతుందనుకుంటున్నావా? ఆగదు. పైన మిగిలిన ముక్క కుట్టుమిషన్ సూదిలా పొడుస్తూనే ఉంది. చెక్క ఎగిరెగిరి పడుతోంది. స్విచ్ ఆపాల్సింది పోయి, అక్షరం పాడైపోతుందని చెక్క మీద చెయ్యేశాను. చూపుడువేలి గోట్లోకి దిగింది. స్విచ్ ఆపింది మీ నాన్న. 12 ఏళ్ల పిల్లాడు, పక్కన పొట్టు ఊడుస్తున్నాడు. మేకు గుచ్చుకుందని అమ్మతో చెప్పమన్నాను, అలాగే చెప్పాడు. చిన్నప్పుడు నువ్వు నా వంకర గోరు పట్టుకుని ఇదేంటి పెదనాన్నా అనడిగితే, తలుపులో పడిందన్నాను. అదీ అబద్ధమే.

బ్లేడు విరిగితే ముందు స్విచ్చే. చెక్క ఏమైపోయినా సరే. కాలితో నొక్కే స్విచ్ పెట్టించుకో, రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయి. చెక్క ఎగరకుండా బ్లేడు పక్కనే నొక్కిపెట్టే మిషన్ కాలు అడ్డంగా ఉందని చాలామంది పీకేస్తారు. నువ్వు తీశావని తెలిస్తే ఊరుకోను.

మెలిక తిప్పడం చెప్తాను విను. మలుపు రాగానే ముందుకి తొయ్యడం మానెయ్యి. చెక్కని ఒక పిసరు వెనక్కి తీసుకుంటే పళ్లు ఖాళీగా ఆడుతుంటాయి, బ్లేడు వీపు సందు గోడకి ఆనుతుంది. అక్కడే చెక్కని బ్లేడు చుట్టూ తిప్పు. తిరిగాక మళ్లీ ముందుకి. పక్కకి ఎప్పుడూ నెట్టకు. విరగకపోయినా బ్లేడు వంగి, అంచు ఏటవాలుగా తెగుతుంది. బయటి వైపు కోసు మూల అయితే గీత దాటి వృథా చెక్కలోకి వెళ్లి, చిన్న చుట్టు చుట్టి రా. అక్షరం కడుపులో ముక్క తియ్యాలంటే ముందు డ్రిల్లుతో చిల్లు పెట్టి, బ్లేడు అందులోంచి దూర్చుకోవాలి.

తిన్నగా తోస్తున్నా గీత పక్కకి లాగితే తప్పు నీది కాదు. చాలా బ్లేడ్లకి ఒక పక్క పదును ఎక్కువ. చెక్కని కాస్త ఏటవాలుగా పట్టి తోస్తే సరిపోతుంది. నాకిది తెలియడానికి ఏడాది పట్టింది, నా చేతులే వంకరని ఏడ్చాను. మాడు మరకలు పడుతుంటే గీత మీద ప్యాకింగ్ టేపు అతికించు.

మొదటి నాలుగైదు అక్షరాలు పాడవుతాయి. పారెయ్యకు, నాకు పంపు. ఆనాటి 'ఱ' సగం ముక్క ఇంకా నా దగ్గరే ఉంది.

మొదటి రోజు ఫోన్ చెయ్యి. కోస్తూ కాదు, మిషన్ ఆపి, ప్లగ్గు తీసేసి చెయ్యి. జడ ముడి వేసుకో.

మీ పెదనాన్న